గుడ్డ కప్పు కింద తొలి ఈత

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉండేది కాదు. ఆ రోజుల్లో ఎవరేం అడిగినా జవాబు చెప్పేవాణ్ణి, అడగకపోయినా చెప్పేవాణ్ణి. ఇప్పుడు మా పిల్లలు ఏదైనా అడిగితే గొంతు సవరించుకుని, అద్దాలు తుడుచుకుని, "చూసి చెప్తాను" అంటున్నాను. ఆ మనిషి ఈ మనిషిగా ఎలా మారాడంటే, వనపర్తిలో గడిచిన ఒక వేసవి గురించి చెప్పాలి.

డిప్లొమా చేతికొచ్చిన ఏడాదే హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఉక్కు కమానులు నిలబెట్టి, వాటి మీద ప్రత్యేకమైన గుడ్డను నాలుగు వైపులా లాగి బిగించి భవనాలు కట్టడం మా పని. దాన్ని గుడ్డ అంటే మా కంపెనీ సారుకు కోపం. "మెంబ్రేన్ అనాలయ్యా" అనేవారు. ఇటుకా సిమెంటూ లేకుండా పెద్ద హాలంత చోటును కప్పేయొచ్చనీ, పగలు దీపాలు కూడా అక్కర్లేనంత వెలుతురు లోపలికి వస్తుందనీ, చిన్న ఊళ్లకు ఇదే దారి అనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని, నాలుగు పేజీల సూచనల కాగితాలనూ నా చేతిలో పెట్టి నన్ను వనపర్తి బస్సెక్కించారు. అక్కడ ఊరివాళ్లు కలిసి తవ్వించుకున్న ఈతకొలనుకు కప్పు వేయాలి.

ఆ కొలను వెనక ఉన్నది ఆడపిల్లల బడిలో ఆటలు నేర్పే పీఈటీ మేడం. బక్కపలచటి మనిషి, మెడలో ఎప్పుడూ విజిల్. బావులు ఎండిపోయి బోర్లు వచ్చాక పిల్లలకు ఈత నేర్చుకునే చోటే లేకుండా పోయింది. ఒక ఏడాది వానలు బాగా పడి, మట్టి కోసం తవ్విన గుంతలన్నీ నిండాయి. బట్టలు ఉతకడానికి వెళ్లి, మేడం బడి పిల్లలిద్దరు కాలు జారారు. ఒక్కతే ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి మేడం అడగని మనిషి లేడు, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. కొలనైతే వచ్చింది గానీ మొదటి వేసవిలో మగపిల్లలే దూకారు. చుట్టూ ఉన్న మిద్దెల మీది నుంచి తలకాయలు వేలాడుతుంటే ఏ తల్లి తన కూతుర్ని పంపుతుంది? గోడలు లేపి స్లాబు వేసే స్తోమత కమిటీకి లేదు. అందుకే మా సారుకు ఉత్తరం రాసింది.

నేను దిగగానే మేడం అడిగిన మొదటి మాట, మీదే ఊరని. గద్వాల అన్నాను. "అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. ఇగ నీకు ఈత సంగతి జెప్పాల్నా" అంది. నేను నవ్వాను. ఆ నవ్వును ఆమె అవునని అర్థం చేసుకుంది. (నేను అబద్ధం ఆడలేదని మా ఆవిడతో ఇప్పటికీ వాదిస్తుంటాను.) నిజానికి మా అమ్మకు నీళ్లంటే ప్రాణభయం. చిన్నప్పుడు ఏటి వైపు చూపు తిప్పినా నాకు వీపు విమానం మోత మోగేది. బకెట్టు కంటే లోతైన నీళ్లలో నేను ఎన్నడూ కాలు పెట్టలేదు.

నాకు అక్కడ తగిలిన రెండో మనిషి టెంట్‌హౌస్ కాక. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకు షామియానాలు వేసేది ఆయనే. ఊరికి కొత్త టెంటొకటి వస్తోందని విని, తన గిరాకీ పోతుందేమోనన్న అనుమానంతో మొదటిరోజే వచ్చి, కుర్చీ కూడా తానే తెచ్చుకుని కూర్చున్నాడు. లారీలోంచి గుడ్డ చుట్ట దిగగానే అంచు పట్టుకుని వేళ్లతో నలిపి, వాసన చూసి, బాగుందన్నాడు. ఇది షామియానా కాదని ఆయనకు అరగంట చెప్పాను. రెండు దిక్కుల వంపు, బలాల సమతుల్యం, గాలి ఒత్తిడి అంటూ నేలమీద పుల్లతో బొమ్మలు కూడా గీశాను. ఆయన ఓపిగ్గా విని, గుడ్డ అన్నాక గుంజుడే కదా సారూ అన్నాడు.

కప్పు లేచింది. తెల్లగా, నేల దాకా దిగి, లోపల పాలవెన్నెల పరిచినట్టుగా ఉంది. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. అయితే వెలుతురు లోపలికి వచ్చేదైతే చూపు రాదా అని ఆడవాళ్లకు ఒక సందేహం పుట్టింది. దాన్ని పుట్టించింది లింగాలక్క. లింగాల నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి అందరూ అలాగే పిలిచేవారు. భర్త కౌలుకు వేరుశనగ వేస్తాడు; కూతురు మేడం దగ్గరే ఏడో తరగతి. నలభై ఏళ్ల ఆ మనిషి కాదంటే ఆ వాడకట్టులో ఇంకే తల్లీ ఔననదు. "సారూ, నువ్వు లోపటికి పోయి ఎగురు. మేం బయటికెళ్లి జూస్తం" అంది. నేను వెళ్లి, ఒంటరిగా, కొలను గట్టున పావుగంట చేతులూపుతూ ఎగిరాను. పగలు ఏమీ కనబడదని తేలింది. మరి లోపల దీపం వేస్తే అని మళ్లీ అడిగింది. దీపం వేస్తే మాత్రం నీడలు కనబడతాయని నేనే ఒప్పుకున్నాను. సాయంత్రం ఐదు దాటాక ఆడపిల్లలకు ఈత ఉండదని మేడం అప్పటికప్పుడు కాగితం మీద రాసి తలుపుకు అంటించింది. అయినా లింగాలక్క ఔననలేదు. చూద్దాం లెమ్మని వెళ్లిపోయింది.

ఇక అసలు సంగతి. గుడ్డను ఒకసారి బిగించి వదిలేస్తే సరిపోదు. నాలుగు రోజులకు అది కొంచెం సాగుతుంది, అప్పుడు మరలు తిప్పి మళ్లీ లాగాలి. వేలితో కొడితే డప్పులా మోగాలని మూడో పేజీలో రాసి ఉంది. లోతు వైపున్న రెండు కమానుల మధ్య నేను కొట్టి చూస్తే తడి దిండును కొట్టినట్టు ధబ్బుమంది. ఇంకా తిప్పితే చిరుగుతుందేమోనని భయం. చిరిగితే ఉద్యోగం పోతుందని అంతకంటే పెద్ద భయం. కాక వచ్చి కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"జర గుంజాలె సారూ. ఈడ గుడ్డ మాట యింటలేదు."

అది అలా ఉండేలాగే లెక్కగట్టామని చెప్పాను. (ఈ వాక్యం మాత్రం శుద్ధ అబద్ధం. దీని గురించి మా ఆవిడతో వాదించను.)

ప్రారంభం ఆదివారం పొద్దున అనగా, శనివారం మధ్యాహ్నం గాలివాన కొట్టింది. ఆదివారం ఎనిమిదింటికి తలుపు తీస్తే, మాట వినని ఆ గుడ్డ నిండు చూలాలి కడుపులా కిందికి వేలాడుతోంది. పైన గంగాళాల కొద్దీ నీళ్లు. ఇంకో గంటలో తల్లులు వస్తారు. నెత్తిన చెరువు వేలాడుతుంటే ఒక్క పిల్లను కూడా దింపరు. మేడం ఇన్నేళ్ల తిరుగుడు ఆ మడతలో మునిగిపోతుంది. సారుకు ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. (ఉంది. ధైర్యం లేదు.)

కాకను అడిగితే రెండు నిమిషాల్లో అయిపోయే పని. వానాకాలం షామియానాలతో ఆయన ఏటా చేసేదే. అడగాలంటే నాకు మనసొప్పలేదు. ప్రారంభానికని ఆయన వేయించిన బల్లల్లో ఒకటి లోతు వైపు గట్టుకు లాక్కొచ్చి, దానిమీద ఒక కుర్చీ వేసి, పొడవాటి వెదురుబొంగు పట్టుకుని ఎక్కాను. కింది నుంచి పైకి నెడితే నీళ్లు పక్కకు జారి బయటికి పోతాయన్నది నా ఆలోచన. నెట్టేలోపే తల్లులు గంట ముందే వచ్చేశారు. వెనకే మేడం, కమిటీ పెద్దలు, కెమెరాతో ఒక విలేకరి.

ఇంజనీరు తనిఖీ చేస్తున్నాడనుకుని అందరూ గౌరవంగా నిలబడ్డారు. ఇక నెట్టక తప్పలేదు. నెట్టాను. నీళ్లు జారాయి, కానీ బయటికి కాదు, బొంగు మీదికి. ఎద్దు తల విదిలించినట్టు ఆ బరువు ఒక్కసారి ఇటు తిరిగింది. బొంగు, కుర్చీ, నేను, వరసగా కొలనులో పడ్డాం.

పడ్డాక నాకు గుర్తున్నది ఆకుపచ్చని నిశ్శబ్దం. పైకి తేలినప్పుడు చప్పట్లు వినబడ్డాయి. తొలి ఈత ఇంజనీరే కొడుతున్నాడని జనం మురిసిపోతున్నారు. నేను చేతులు రెండూ పైకెత్తి ఊపాను. పెద్దల్లో ఇద్దరు తిరిగి ఊపారు. గద్వాల పిల్లగాడు, ఏటి ఈత అట్లే ఉంటదని మేడం పక్కవాళ్లకు చెబుతోందట. రెండోసారి మునిగి తేలేసరికి గట్టు మీద ఒక్క గొంతు మాత్రం వినబడింది.

"ఈయనకు ఈత రాదు."

ఆ మాట అన్నది లింగాలక్క. అంటూనే చెప్పులు విడిచి, ఎర్రచీర కుచ్చిళ్లు వెనక్కి దోపి, ఇంకెవరికీ ఏమీ అర్థం కాకముందే దూకింది. నా జుట్టు ఆమె పిడికిలికి దొరికింది. గింజుకోకుమని, గింజుకుంటే వదిలేస్తానని చాలా మామూలుగా చెప్పింది. నేను గింజుకోలేదు. కాక షామియానా తాడు విసిరి నన్ను గట్టుకు లాగాడు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద రాస్తూ, ఇప్పుడు కూడా లెక్క ప్రకారమే పడ్డావా సారూ అని నెమ్మదిగా అడిగాడు. నేను నోటినిండా ఉన్న నీళ్లు గట్టు మీద కక్కాను.

నేను లేచి కూర్చుని చూస్తే ఎవరూ నావైపు చూడటం లేదు. లింగాలక్క ఇంకా నీళ్లలోనే ఉంది. ఆ చివరి దాకా వెళ్లి తిరిగి వస్తోంది. బారలు వేస్తుంటే చప్పుడే లేదు. మధ్యలో వెల్లకిలా తిరిగి, తెల్లటి కప్పును చూస్తూ కాసేపు కదలకుండా తేలింది. గట్టు మీద కూతురు నోరు తెరుచుకుని నిలబడి ఉంది. అమ్మకు ఈత వచ్చని ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు. మేడం గట్టు అంచున కూర్చుని, ఎప్పుడు నేర్చుకున్నావని అడిగింది.

"తల్లిగారింటికాడ, మా బాయిల. పెండ్లయినంక మల్ల దిగలే. ఇరవై రెండేండ్లయింది."

బయటికి రమ్మని ఎవరూ అనలేదు. చాలాసేపటికి ఆమే మెట్ల దగ్గరికి వచ్చి, కూతుర్ని చేయి చాచి పిలిచింది. ఆ తర్వాత ఇంకో పిల్ల, ఇంకో పిల్ల. మధ్యాహ్నానికి మేడం విజిల్ ఊదీ, అరిచీ గొంతు పోగొట్టుకుంది. పైన కడుపుతో ఉన్న గుడ్డ సంగతిని టెంట్‌హౌస్ కాకా, ఆయన మనుషులూ ఎప్పుడు చూసుకున్నారో కూడా నాకు తెలియదు.

కబురు తెలిసి మర్నాడు మా సారు వచ్చారు. తిడతారనుకున్నాను. ఆయన మరలు తిప్పుతుంటే కాక కింద నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం, ఇగ సాలు అన్నాడు. వేలితో కొడితే మోగింది. ఆ తర్వాత మా సారు ఎక్కడ కప్పు వేసినా ముందు ఆ ఊరి షామియానాల మనిషిని పిలిపించేవారు. నా విషయంలో మేడం ఒకటే షరతు పెట్టింది: ఈత వచ్చేదాకా పని పూర్తయిందని సంతకం పెట్టనంది. పదిహేను రోజులు, మగవాళ్ల వేళల్లో, వీపుకు బెండు కట్టుకుని, మీసాలు వచ్చిన వాణ్ణి నేనొక్కణ్నే నడుములోతు నీళ్లలో కాళ్లాడించాను.

ఆ విలేకరి తీసిన ఫొటో జిల్లా పేజీలో వచ్చింది. కింద "తొలి ఈత కొడుతున్న ఇంజనీరు" అని ఉంది. ఆ కాగితం ముక్క మొన్న పాత ఫైళ్లు సర్దుతుంటే దొరికింది. మూల మీద, అంచు దాటి గాలిలో ఒక చీర కొంగు. లింగాలక్క అప్పుడే దూకినట్టుంది. మధ్యలో నేను, రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచి. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాను. మునిగిపోతూ కూడా వాడు జనానికి ఏదో వివరించబోతున్నట్టే ఉన్నాడు.