చిలకమ్మ చెయ్యి, ఓడ పెనం

మల్కాపురం బస్టాపు ఎదురుగా ఉన్న గురునాథరావు హోటల్లో చిలకమ్మ డెబ్బై ఆరులో పనికి చేరింది. అచ్యుతాపురం పక్క పల్లె ఆమెది. మొగుడు హార్బరులో కలాసీగా చేసి, పచ్చకామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే, పెసరట్టు.

ఊకపొయ్యి మీద రెండు పెనాలు పెట్టుకుని వేసేది. పెనం మీద నీళ్లు చిలకరించి, ఆ చప్పుడు విని సెగ ఎంతుందో చెప్పేది. అంచు దానంతటది లేస్తే తప్ప అట్లకాడ తగలనిచ్చేది కాదు. రిఫైనరీ పొద్దుటి షిఫ్టు వాళ్లు బస్సు దిగి నేరుగా ఆమె ముందుకొచ్చి నిలబడేవారు. బాగుందంటే నవ్వేది కాదు గానీ, అన్నవాడి అట్టులో అల్లం ముక్కలు రెండు ఎక్కువ పడేవి.

ఎనభై మూడు ఎండాకాలంలో గురునాథరావు ఒక ఇనప పెనం కొనుక్కొచ్చాడు. తుక్కు కింద విరగ్గొట్టిన ఓడలో వంటగదిదట. వన్‌టౌన్‌లో స్టవ్వులు బాగుచేసే నిసార్ దుకాణంలో దొరికింది. మంచమంత పలక, దాని కింద నాలుగు బర్నర్లు. ఒక్కసారే ఆరు అట్లు పడతాయి.

దానికి గ్యాసు కావాలి. ఐదేళ్ల కిందట చిలకమ్మ తన పేరున గ్యాసు కనెక్షనుకి రాయించుకుంది. సరిగ్గా ఆ నెల్లోనే ఆమె వంతు వచ్చింది.

"ఒక్కదానివి, ఇంట్లో ఏటి వండుకుంటావు?" అన్నాడు గురునాథరావు. "తిండి ఎలాగూ ఇక్కడే కదా. సిలిండరు ఇక్కడే ఉంటే నీకే సుఖం. పొగ తప్పుతాది."

ఆమెకీ నిజమే అనిపించింది. కాగితం మీద వేలిముద్ర వేసింది. సిలిండరు హోటలుకొచ్చింది, గ్యాసు పుస్తకం ఆయన గల్లాపెట్టెలోకి పోయింది. అలాగే ఇంకో రెండిళ్ల సిలిండర్లు కూడా వచ్చాయని ఆమెకు తర్వాత తెలిసింది.

ఊకపొయ్యి తీయించేసి పెట్టిన ఆ కొత్త పెనం మొదటి రోజు నుంచీ సరిగా వేడెక్కలేదు. మంట నీలంగానే వచ్చేది గానీ పలక దాకా లేచేది కాదు. నీళ్లు చల్లితే చుయ్యిమనకుండా నెమ్మదిగా ఆవిరయ్యేవి. పిండి పలకకి అంటుకుపోయేది. గీకి తీస్తే ముక్కలయ్యేది, ఆగితే తోలులా సాగేది.

వారం తిరిగేసరికి మాటలు మొదలయ్యాయి. రిఫైనరీలో ఫిట్టరుగా చేసే అప్పలసూరి ఏడేళ్లుగా ఆమె చేతి అట్టు తింటున్నవాడు. అతనే సగం తిని పళ్లెం పక్కన పెట్టాడు.

"ఏటత్తా, సెయ్యి మారిపోనాదేటి?"

ఆమె జవాబు చెప్పేలోపే గల్లా దగ్గర్నుంచి గురునాథరావు అందుకున్నాడు. "వయసు మీద పడతంది కదా బాబూ. ఏం సేత్తాం."

ఆమెకప్పుడు నలభై నాలుగేళ్లు.

ఆ మధ్యాహ్నం నుంచి చిలకమ్మ ఆ పెనంతో పోరు పెట్టుకుంది. పిండి పలచన చేసి చూసింది, ముతగ్గా రుబ్బి చూసింది. ఇటుకముక్కతో పలక తోమి, మూడు రోజులు నూనె రాసి కాల్చింది. బర్నర్లు ఊడదీసి ఒక్కో కన్నాన్నీ సూదితో పొడిచింది. తుప్పు రాలింది, మంట మాత్రం పెరగలేదు. రబ్బరు గొట్టం గోడ దగ్గర మడత పడిందని సరిచేసింది. బర్నరు మెడలో సాలెగూడు కనబడితే చీపురుపుల్లతో తీసింది. ఆ ఒక్కరోజూ కాస్త మేలనిపించి ఆశ పుట్టింది. మర్నాడు మళ్లీ అదే. ఎవరో చెప్పారని సిలిండరుకి వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టింది.

మూడు నెలలు అలా గడిచాయి. గురునాథరావు వచ్చినవాడికల్లా అదే మాట చెప్పేవాడు, చెయ్యి పోయిందని. ఆఖరికి ఆమే నమ్మింది. ఇంట్లో కుంపటి మీద చిన్న పెనం పెట్టి అట్టు వేసి చూసుకుంది. అది బాగానే వచ్చింది. అయినా నమ్మలేదు. ఒక్క అట్టే కాబట్టి వచ్చిందనుకుంది.

ఒక శుక్రవారం హోటలు మూసి ఉంటే, ఒక బర్నరూ రెగ్యులేటరూ సంచిలో వేసుకుని వన్‌టౌన్‌కి పోయింది. నిసార్ నమాజు చేసుకుని అప్పుడే దుకాణం తెరుస్తున్నాడు. ఆమె సంగతంతా చెప్పింది. వేడిగుడ్డ మాట వినగానే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ పని మళ్లీ సెయ్యకక్కా. పేలితే నీతో పాటు బస్టాపు కూడా పోతాది."

తర్వాత సంచిలోంచి రెగ్యులేటరు తీసి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఇళ్లల్లో పొయ్యిలకి పెట్టేది. దీంట్లోంచి గ్యాసు మెల్లగా వస్తాది. ఓడ బర్నరుకి జోరు కావాలి. హోటళ్లకిచ్చే పెద్ద సిలిండరు, దానికో పెద్ద రెగ్యులేటరు. అవి లేకపోతే నువ్వు ఎంత తోమినా ఇంతే."

ఆమె బర్నరుని తన దగ్గరున్న పెద్ద సిలిండరుకి తగిలించి వెలిగించాడు. మంట బుస్సుమని జానెడు లేచింది. చిలకమ్మ వెనక్కి జరిగింది.

"ఈ మాట మా హోటలు బాబుకి తెల్దేటి?"

"కొన్నరోజే సెప్పినాను. రెండుసార్లు సెప్పినాను. పెద్దది తీసుకుంటే హోటలు పేరున కాగితాలు పెట్టాల, ఇళ్లవాటితో నడిపించుకుంటానన్నాడు."

ఆమె రెగ్యులేటరు తీసి సంచిలో వేసుకుంది. నిసార్ టీ తెప్పించాడు. ఆమె తాగకుండానే లేచింది.

మర్నాడు పొద్దున్న షిఫ్టు వాళ్లంతా ఉండగా గల్లా దగ్గరికెళ్లింది.

"పెద్ద రెగ్యులేటరు సంగతి నీకు ముందే తెల్సు కదా బాబూ?"

గురునాథరావు చిల్లర సర్దుతూనే అన్నాడు. "తెలిస్తే ఏటి?"

"మూడు నెల్ల నుంచి నా సెయ్యి పోనాదని ఊరందరికీ సెప్తన్నావు."

"ఏదో ఒకటి సెప్పాలి కదా. ఇళ్ల గ్యాసుతో హోటలు నడుపుతన్నానని సెప్పమంటావా?"

"నా పుస్తకం నాకిచ్చెయ్."

"పుస్తకం అడిగితే పని నేదు."

"పనొద్దు. పుస్తకం ఇయ్యి."

ఇవ్వలేదు. ఆమె పైట కొంగుతో చేతులు తుడుచుకుని బయటికి నడిచింది. తింటున్నవాళ్లలో ఒక్కడూ లేవలేదు. అప్పలసూరి పళ్లెంలోకే చూస్తూ కూర్చున్నాడు.

పది రోజులకి గ్యాసు తనిఖీ వాళ్లొచ్చారు. ఇళ్ల సిలిండర్లు హోటల్లో దొరికాయి. కనెక్షను ఎవరి పేరున ఉంటే వాళ్లదే తప్పన్నారు. గ్యాసు జాబితాలోంచి చిలకమ్మ పేరు కొట్టేశారు. గ్యాసు ఆఫీసుకెళ్లి తన గోడు చెప్పుకుంటే గుమస్తా కాగితం మీది ఆమె వేలిముద్రే ఆమెకు చూపించాడు. గురునాథరావు మాత్రం జరిమానాతో బయటపడి, ఆ నెల్లోనే పెద్ద సిలిండరు పెట్టించాడు. భీమునిపట్నం నుంచి కన్నబాబు అనే వంటవాణ్ణి తెచ్చుకున్నాడు. పలక బాగా కాలింది. ఒక్కసారే ఆరట్లు కరకరమంటూ లేచాయి.

"సూసినారా, సెయ్యి మారితే పెనం మారింది," అనేవాడు గిరాకీలతో. తనిఖీ వాళ్లకి చెప్పింది చిలకమ్మేనని కూడా ప్రచారం చేశాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ మాట మీద ఇంకో రెండు హోటళ్ల వాళ్లు ఆమెను పనిలో పెట్టుకోలేదు.

దీపావళి వెళ్లాక రిఫైనరీ గోడవార బొగ్గుల పొయ్యి పెట్టుకుంది. వానొస్తే పని లేదు, గాలొస్తే బూడిదంతా అట్ల మీదే. ఒకరోజు అప్పలసూరి వచ్చి అట్టు తిన్నాడు. రెండోది అడిగి అదీ తిన్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"ఆ రోజు నాను నోరిప్పాల్సింది అత్తా."

"నువ్వేటి సేత్తావులే," అందామె పొయ్యి విసురుతూ. "నా సెయ్యి సంగతి నాకు తెల్దా? అయినా పోనాదంటే నానే నమ్మేసినాను."

అతను ఇంకేదో అనబోయాడు. ఆమె అప్పటికే పక్కవాడికి పిండి పోస్తోంది.