చుక్క పాలు ఎగబట్టింది

రాయమల్లు పశువుల ఫారంలో పాలు పిండేవాడు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డు పక్కన, నిజాం కాలంలో గుర్రాల కోసం గడ్డి పెంచిన బీడు ఒకటుండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు ఆ బీడులో రేకుల కొట్టాలు లేచాయి. ఉద్గీరు వైపు నుంచి దేవణి ఆవులు లారీల్లో వచ్చాయి. వాటి వెనకే ఏలూరు నుంచి వెంకటరత్నం అనే కుర్ర పశువైద్యుడు వచ్చాడు. మన నాటు ఆవు ఎన్ని పాలిస్తుంది, ఆ పాలలో వెన్నెంత, ఏ మేతకు ఎంత పెరుగుతుంది అని చూడడానికి సర్కారు పెట్టిన ఫారం అది.

రాయమల్లు వాళ్లది గొల్లల ఇల్లు. గాలికుంటు వచ్చి ఊరి మంద సగానికి సగం పోయిన ఏడు అతను ఫారంలో కూలికి కుదిరాడు. మాట తక్కువ మనిషి. ధర్మపురి దగ్గరి పిల్ల బాలలక్ష్మిని చేసుకున్నాడు. ఆ పిల్ల పొయ్యి ముందు కూర్చుని ఊళ్లో ముచ్చట్లన్నీ చెప్తుంటే ఇతను వింటుండేవాడు. కాపురమంటే అంతే కాబోలు అనుకున్నాడు. బాగానే ఉండేది.

దసరా వెళ్లిన వారానికి బాలలక్ష్మి ఆడపిల్లను కన్నది. తరువాత బాలింత జ్వరం పట్టుకుంది. కరీంనగర్ దవాఖానకు బండి కట్టేలోపే ప్రాణం పోయింది.

రాయమల్లుకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు చుట్టూ కూర్చుని అతని మొహం చూశారు. ఇతను గోడకు ఆనుకుని తన కాలి బొటనవేలు చూశాడు. దినాలు అయిన తెల్లారి లేచి మొహం కడుక్కుని, తువ్వాల భుజాన వేసుకుని పనికి పోయాడు. ఇంట్లో పసిదాన్ని చూసుకోవడానికి అక్క కొమురవ్వ వచ్చి ఉన్నది. ఆమెకు పిల్లలు లేరు, మొగుడూ లేడు. ఎవరైనా పలకరిస్తే తమ్ముడి తరఫున కూడా ఆమే మాట్లాడేది.

అతను పనికి ఎక్కిన నాలుగైదు రోజుల్లోనే ఫారంలో చుక్క ఈనింది. నల్ల మచ్చల తెల్ల ఆవు, నుదుటి మీద పెద్ద నల్లబొట్టు.

వెంకటరత్నం ఆ ఏడు ఒక పరిశీలన పెట్టుకున్నాడు. మన ఆవు దూడ లేకుండా చేపదు. ముందు దూడను విడవాలి, అది నాలుగు గుక్కలు తాగాలి, అప్పుడు ఆవు పాలు కిందికి వదులుతుంది. దూడ చచ్చిందా, ఆ ఈతకు పాలు పోయినట్టే. అందుకే ఊళ్లలో చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెడతారు. విదేశీ సీమ ఆవులకు ఈ బాధ లేదట. అక్కడ ఈనగానే దూడను తీసేసి బకెట్లో పాలు తాపుతారు, తల్లిని చేత్తో పిండుకుంటారు. మన ఆవు కూడా అలా అలవాటు పడుతుందా అన్నదే అతని ప్రశ్న. దానికి ఒక్కటే షరతు. తల్లి దూడను చూడకూడదు, నాకకూడదు. కింద పడగానే కళ్లబడకుండా తీసుకుపోవాలి. అప్పటికి అలా ప్రయత్నించిన ఆవులన్నీ పాలు ఎగబట్టి వట్టిపోయాయి. ఆ ఏటికి మిగిలింది చుక్క ఒక్కటే.

చుక్క పగటిపూటే ఈనింది. డాక్టరు కరీంనగర్ పోయి ఉన్నాడు. కోడెదూడ గడ్డిలోకి జారింది. రాయమల్లు దాన్ని ఎత్తడానికి వంగి అలాగే ఆగిపోయాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. చుక్క వెనక్కి తిరిగి, దూడ మొహం మీది మాయ నాకింది, చెవులు నాకింది, పొట్ట కింద నాకింది. దూడ వణుకు తగ్గిందాకా ఇతను నిలబడే ఉన్నాడు. తరువాత తన తువ్వాలతో దాన్ని తుడిచి, చేతులమీద వేసుకుని దూరపు కొట్టంలోకి మోసుకుపోయాడు. వెనక చుక్క అరుస్తున్నది. ఆ అరుపు ఎక్కడో పక్క ఊళ్లోంచి వస్తున్నట్టు వినిపించింది అతనికి.

తీరా చూస్తే చుక్క చేపింది. మొదటి పూట అటూ ఇటూ దూకింది గానీ, రెండో రోజు రాయమల్లు కింద కూర్చోగానే మెడ తిప్పి అతని భుజం మీద మూతి పెట్టి గట్టిగా వాసన పీల్చింది. అంతే, పొదుగు మెత్తబడి ధారలు దిగాయి.

వెంకటరత్నం ఆనందం పట్టలేకపోయాడు. పాలు తూచాడు, గాజు గొట్టంలో ఆసిడ్ కలిపి యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పాడు, పైకి తేలిన వెన్నను వెలుతురుకు పట్టి చూశాడు.

"రాయమల్లూ! నూటికి ఐదు పాళ్లయ్యా వెన్న! ఏం చేశావు దీన్ని?"

"ఏం జేయలే సార్."

"మంతరం ఏసిండు సార్," అన్నాడు పక్క ఆవు కింద కూర్చున్న పర్శరాములు. "గీడు నోరు తెరవడు గద, అండ్ల మంతరమే ఉన్నది. నా ఆవు సూడుండ్రి, నేను గింత ముచ్చట వెడ్తున్న గని తన్నుడు ఆపదు."

"నీ ముచ్చటకే తంతోందేమో చూసుకో," అని డాక్టరు నవ్వాడు.

ఇంటి దగ్గర పసిదానికి బర్రెపాలు పడలేదు. తాగింది తాగినట్టు కక్కేది, విరేచనాలు పట్టేవి. ఆ సంగతి పర్శరాములు నోటి ద్వారా డాక్టరుకు చేరింది. తూకం అయ్యాక చుక్క పాలలోంచి ఒక చెంబు తీసుకుపొమ్మన్నాడు. బాగా కాచి, నీళ్లు కలిపి, కాస్త చక్కెర వేసి పట్టమన్నాడు. కొమురవ్వ ఉగ్గుగిన్నెతో పట్టింది. ఆ పాలు నిలిచాయి. నెల తిరిగేసరికి పిల్ల బుగ్గలు కొంచెం కనిపించాయి. "సూడు తమ్మీ, నీ బిడ్డ కండ్లు తెరిచి ఎట్ల సూస్తున్నదో," అని కొమురవ్వ చూపిస్తే రాయమల్లు చూసేవాడు. సరే, అనేవాడు.

రోజూ అతని పని ఒకే తీరు. పొద్దున్నే దూడల కొట్టంలోకి పోయి బకెట్లలో పాలు పోసేవాడు. దూడకు తల వంచి తాగడం తెలియదు. పాలలో వేలు ముంచి దాని నోట్లో పెట్టి, చీకుతుండగా మెల్లగా బకెట్లోకి దించాలి. తాగినాక మూతులు తుడవాలి, లేకపోతే ఈగలు ముసురుతాయి. భుజం మీది తువ్వాలతోనే తుడిచేవాడు. అక్కడి నుంచి నేరుగా వచ్చి చుక్క కింద కూర్చునేవాడు. ఇది అందరూ చూస్తున్నదే. ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

మూడో నెల పడబోతుండగా మామ, బాలలక్ష్మి తండ్రి బుచ్చిరాములు వచ్చాడు. బాలలక్ష్మి బూడిద కుండ ఊరవతల చెట్టుకు వేలాడుతూనే ఉన్నది.

"ఎన్నొద్దులు ఉంచుతవు బిడ్డా? గంగల కలపాలె గద," అన్నాడు.

"పోదాం మామా."

డాక్టరు మూడు రోజులు సెలవిచ్చాడు. చుక్కను పర్శరాములుకు అప్పజెప్పి రాయమల్లు ధర్మపురి పోయాడు. వాళ్లు గంగ అనే గోదావరి పల్చగా, చల్లగా ఉన్నది. కుండ వంచితే బూడిద కాసేపు నీళ్ల మీద తేలి, కదిలి, పోయింది. మునిగి లేచాక ఒంటి మీది బట్టలు, భుజం మీది తువ్వాల అక్కడే విడిచిపెట్టాడు. కర్మ బట్టలు తిరిగి ఇంటికి రాకూడదు. గట్టున బుచ్చిరాములు కొత్త ధోవతి ఇచ్చి, కొత్త తువ్వాల భుజాన వేసి, తన ముసలి చేతులతో దాన్ని సవరించి ఏడ్చాడు. రాయమల్లు అతన్ని పట్టుకుని నిలబడ్డాడు.  

ఇంటికొచ్చేసరికి కొమురవ్వ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"ఎప్పుడు పోయినవ్, ఎప్పుడు వచ్చినవ్ రా! నీ ఆవు పాలియ్యలేదట. నేనేం జేద్దును? ఏడుస్తాంటె ఆగలేక బర్రెపాలు పట్టిన. నిన్నటికెల్లి ఒకటే కక్కుడు, పారుడు. జర సూడు, మెడ నిలుపుత లేదు."

పిల్ల చాపమీద పడుకుని ఉన్నది. ఏడుపు కూడా సరిగా రావడం లేదు. పెదవులు ఎండిపోయాయి. రాయమల్లు చెంబు తీసుకుని ఫారానికి పోయాడు. పరుగెత్తలేదు. పరుగెత్తాలన్న ఆలోచన కాళ్ల దాకా దిగలేదు.

చుక్క పొదుగు రాయిలా ఉన్నది. వెంకటరత్నం పక్కనే నిలబడ్డాడు, గడ్డం మాసి ఉన్నది.

"వచ్చావా! కూర్చో కూర్చో. నీ చేతికి అలవాటు పడింది, వేరేవాడిని రానివ్వడం లేదు."

రాయమల్లు కూర్చున్నాడు. చుక్క మెడ తిప్పి భుజం మీది తువ్వాల వాసన చూసింది. ముక్కు చీదింది, మొహం తిప్పేసుకుంది. అతను పొదుగు కడిగాడు, నిమిరాడు, చన్ను పట్టి లాగాడు. రెండు చుక్కలు నేలమీద పడ్డాయి. అంతకన్నా ఏమీ లేదు.

"గదే చెయ్యి, గదే మనిషి," అన్నాడు పర్శరాములు. "తువ్వాల ఒక్కటే కొత్తది. సుక్కకు అత్తగారి బట్టలు నచ్చనట్టున్నది."

 డాక్టరు ఆ తువ్వాల అంచు పట్టి చూశాడు.

"పాతదేది?"

"గంగల ఇడిసిన సార్."

"దాంతో ఏం చేసేవాడివి?"

"దూడల మూతులు తుడిసెటోన్ని."

డాక్టరు ఒక అడుగు దగ్గరికి వేశాడు. "ఈనిన రోజు ఇది దూడను చూసిందా?"

"నాకింది సార్."

"నేనేం చెప్పాను నీకు?"

"కండ్లవడకుంట తీస్కపొమ్మన్నరు."

"మరి?"

"నాకుతాంటె నిలవడ్డ."

వెంకటరత్నం తిట్టబోయాడు. బాలలక్ష్మి ఎప్పుడు పోయిందో, చుక్క ఎప్పుడు ఈనిందో మనసులో లెక్క కుదిరినట్టుంది, నోరు మూసుకున్నాడు. గొంతు తగ్గించాడు. "అయిందేదో అయింది. ఇన్నాళ్లూ నీ తువ్వాలలోని దూడ వాసనకే చేపింది, ఇప్పుడు ఆ వాసన కూడా లేదు కదా. నాలుగు రోజులు ఇలాగే పిండుతూ పోదాం. వట్టి చేతికి చేపిందంటే అదే అసలైన ఫలితం. హైదరాబాదులో అందరికీ చెప్పేశానయ్యా దీని గురించి."

రాయమల్లు లేచాడు. చెంబును గుంజ పక్కన పెట్టి దూడల కొట్టం వైపు నడిచాడు.

"రాయమల్లూ! ఆగు. దూడను తెస్తే రెండు నెలల పని పోతుంది!"

"అది అప్పుడే పోయింది గద సార్," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "ఇంటికాడ పొల్ల మెడ నిలుపుత లేదు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాకే అతనికి అర్థమైంది. బాలలక్ష్మి పోయినట్టే ఈ పిల్లా పోవచ్చు. అడుగులు వాటంతటవే పెద్దవయ్యాయి.

కోడెదూడ ఏపుగా పెరిగింది. తాడు విప్పి తెచ్చి ముందు నిలబెడితే చుక్క చెవులు నిక్కబొడుచుకుని, గొంతులోనే గురగురమని పిలిచింది. వీపు మీద, మెడ మీద, ఎక్కడ దొరికితే అక్కడ నాకింది. కానీ దూడకు చన్ను అంటే ఏమిటో తెలియదు. అది బకెట్ కోసం వెతికింది, పర్శరాములు కాళ్ల మధ్య తల దూర్చింది.

"నేను బకెట్ లెక్క కనపడ్తున్ననారా నీకు!" అన్నాడు పర్శరాములు.

రాయమల్లు దూడ నోట్లో వేలు పెట్టాడు. అది చీకసాగింది. చీకుతుండగానే మెల్లగా పొదుగు దగ్గరికి లాక్కొచ్చి, వేలు పక్కకు చన్ను జరిపి, వేలు తీసేశాడు. దూడ ఒకసారి వదిలేసింది. రెండోసారి పట్టుకుంది. తోక ఆడించింది. పొదుగు మెల్లగా మెత్తబడింది. వంకరగా పడిన ఒక ధార రాయమల్లు మోకాలిమీద వెచ్చగా తగిలింది.

మూడు రోజులు పొదుగులో నిలిచిన పాలు కదా అని మొదట వచ్చినవి డాక్టరు అరచేతిలో పట్టి చూశాడు. విరుగుడు గానీ రక్తపు జీర గానీ లేదు. అయినా కొన్ని నేల మీద పిండించాకే చెంబు పట్టమన్నాడు.

"చుక్క ఇక నా పరిశీలనలో లేదు," అన్నాడు చివరికి. "దూడతోనే ఉంటుంది, మామూలు మందలో. నీ బిడ్డకు రోజూ ముందు చెంబు నింపి, తరవాతే కరీంనగర్ దవాఖానకు పోయే డబ్బాలో పొయ్. ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పు." కొట్టం అవతలికి చూపించాడు. "ఆ కపిల ఆవు ఈ వారంలో ఈనుతుంది. ఈసారి దూడ దగ్గర ఒకడు, పిండడానికి ఒకడు. నీకు చెయ్యి తేలిక, దూడను నువ్వే తీసేయాలి. నాకనివ్వకుండా."

రాయమల్లు చెంబు మీద తువ్వాల కప్పాడు.

"నాతోని కాదు సార్."

అతను డాక్టరుతో అలా అనడం అదే మొదటిసారి. డాక్టరు కోపంగా చూడలేదు. పనివేళ మార్చమని అడిగినవాడికి బదులిచ్చినట్టు తల ఊపాడు.

"సరే. పర్శరాములు తీస్తాడు."

"నేనా!" అన్నాడు పర్శరాములు. "నాకు పెండ్లాం బిడ్డలున్నరు సార్, అది కొమ్ములతోని పొడుస్తది."

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుండగానే రాయమల్లు గేటు దాటాడు. చలిగాలి కొడుతున్నది. చెంబును కడుపుకు ఆనించుకుని, పాలు తొణకకుండా, ఈసారి తొందరగా నడిచాడు.