కూర్చోబెట్టి అడగండి

దాక్షాయణమ్మ ఎదుట ఎవరూ నిలబడి మాట్లాడకూడదు. రాబర్ట్‌సన్‌పేట బజారులో ఆమె బట్టల కొట్టుకు ఎదురుగానే మా గడియారాల కొట్టు, అందుకని ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను. ఆమెకు మోకాళ్ల నొప్పి అని కొందరు, కొంచెం పిచ్చి అని మరికొందరు అనేవారు. రెండూ కాదు. మనుషులందరూ పుట్టుకతోనే సమానం అన్న మాటను ఆమె చిన్నప్పుడు బడిలో విని నమ్మేసింది. మేమూ విన్నాం, పరీక్ష రాసి మరిచిపోయాం.

ఆమె కొట్టులో చీరల కంటే కుర్చీలు ఎక్కువ. చెక్కవి, ప్లాస్టిక్‌వి, ఒక కాలు పొట్టిదై ఊగేవి. మూతబడ్డ బంగారు గనుల సైనైడ్ మట్టి దిబ్బల మీంచి గాలి లేచిన రోజుల్లో వాటి దుమ్ము తుడవడానికే సగం పొద్దు పోయేది. చీర కొనేవాళ్లే కాదు, దారి అడగడానికి వచ్చినవాళ్లూ కూర్చోవాల్సిందే.

"అమ్మా, కోలారు బస్సు యాడ నిలబడతాది?"

"ముందు కూర్చో."

"బస్సు పోతాదమ్మా!"

"పోతే ఇంగొకటి వస్తాది. నేను కూర్చుని, నువ్వు నిలబడుకొని, ఇదేం మాటలప్పా?"

ఆ మనిషి కూర్చున్నాడు. బస్సు పోయింది.

ఒకసారి ఏదో సర్టిఫికెట్ కోసం ఆమెకు తోడుగా ఒక ఆఫీసుకు వెళ్లాను. బల్ల ముందు బూదికోట నుంచి వచ్చిన సొన్నమ్మ అనే ముసలామె కొంగు నలుపుకుంటూ నిలబడి ఉంది. ఆఫీసరు దాక్షాయణమ్మను చూసి, "కూర్చోండి మేడం" అన్నాడు.

"ఈయమ్మకు కుర్చీ యాడ సార్?"

"ఉండేది ఇదొక్కటే అమ్మా."

"అయితే ఏం కష్టం లేదు. మీరూ లేయండి. నలుగురం నిలబడే మాట్లాడుకుందాం."

ఆఫీసరు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన లేచాడు. పాపం, మంచివాడు. సొన్నమ్మ పని అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. పని కూడా తొందరగానే అయింది.

స్వాతంత్ర్య దినం నాడు బజారులో జెండా ఎగరేస్తుంటే కిరాణా అంగడి గోవిందప్ప ఆమెను ఆటపట్టించాడు. "జాతీయగీతం కూడా కూర్చునే పాడదామా అక్కా?"

"దానికి అందరం నిలబడతాం కదప్పా. మంత్రీ నిలబడతాడు, చెప్పులు కుట్టేవాడూ నిలబడతాడు. అది మర్యాద. ఒకడు కూర్చుని ఇంకొకణ్ణి నిలబెట్టేది దర్పం."

గోవిందప్ప గబగబా జెండా వైపు తిరిగి దండం పెట్టాడు.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం, ఆ గోవిందప్ప అంగట్లో బల్ల మీదున్న ఫోన్ మాయమైంది. పరుగెత్తుతున్న ఒక యువకుణ్ణి జనం పట్టుకున్నారు. పేరు నితీశ్. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ కోలారు దగ్గరి నరసాపురంలో ఫ్యాక్టరీ పని చేసుకుంటున్నాడు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. పేరు అడగకముందే దెబ్బలు పడ్డాయి. మొదటి చెంపదెబ్బ గోవిందప్పది. ఆ తర్వాతివి ఎవరివో చెప్పలేం. ఏ ఫోనూ పోనివాళ్లు కూడా చేయి చేసుకున్నారు. ఎవరో కర్ర తెచ్చారు.

దాక్షాయణమ్మ ఒక కుర్చీ నెత్తిన పెట్టుకుని జనంలోకి దూరింది. దాన్ని నడివీధిలో వేసి, అతన్ని భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇప్పుడు అడగండి."

"దొంగకు కుర్చీనా అక్కా!" గోవిందప్ప అరిచాడు. "వీడు నా ఫోన్ కొట్టేసినాడు!"

"అయ్యుండచ్చు. కేసు పెట్టు, నేను అడ్డం రాను. అది నీ హక్కు. కొట్టే హక్కు ఎవరిచ్చినారు నీకు?"

"వీడు దొంగ!"

"దొంగయినా మనిషే కదప్పా. అది నా సొంత మాట కాదు, ఈ దేశం ఇచ్చుకున్న మాట. ఆ జెండాకు నువ్వూ దండం పెట్టినావు."

కర్ర ఎత్తినవాడి చేయి ఎత్తినట్టే ఉండిపోయింది. కూర్చున్న మనిషిని కొట్టడం కష్టం. వంగాలి, ముఖం దగ్గరగా చూడాలి. ఇన్నేళ్లు మేం నవ్వుకున్న చాదస్తం దేనికోసమో అప్పుడు తెలిసింది. కర్ర మెల్లగా కిందికి దిగి, ఎవరి కాళ్ల మధ్యనో మాయమైంది.

ఆమె నితీశ్ వైపు తిరిగింది. గొంతులో మెత్తదనం లేదు. "వీళ్లు కొట్టకుండా చూసేది నా పూచీ. నిజం చెప్పేది నీ పూచీ. తీసినావా?"

అతడు పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు. "తీసీసినానమ్మా."

"ఎందుకు?"

"తెలీదమ్మా. కనబడింది, తీసీసినాను. తీసినాక భయమేసి పరిగెత్తీసినాను."

చొక్కా లోపలి నుంచి ఫోన్ తీసి ఇచ్చాడు. "చూసినారా!" అంటూ జనం మళ్లీ కదిలారు. దాక్షాయణమ్మ వెళ్లి కుర్చీకి అడ్డంగా నిలబడింది. ఒకరిని కూర్చోబెట్టి, వాళ్లకు కాపలాగా ఆమె నిలబడటం నేను చూసింది అప్పుడే. ఒక్కరూ ముందుకు రాలేదు.

"పదండి, స్టేషన్‌కు పోదాం. నేనూ వస్తాను" అంది. నలుగురం ఒకే ఆటోలో వెళ్లాం. ఇన్‌స్పెక్టరుకు ఆమె సంగతి తెలిసినట్టుంది, అడగకముందే బెంచీ వేయించాడు. గోవిందప్ప, నితీశ్ దాని మీద భుజానికి భుజం తగులుతూ కూర్చున్నారు.

"కంప్లైంట్ ఏందో చెప్పప్పా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గోవిందప్ప పక్కకు చూశాడు. నితీశ్ చెంప ఉబ్బి ఉంది, వేళ్ల గుర్తులతో సహా. అవి తన వేళ్లే.

"ఫోన్ దొరికింది సార్. కంప్లైంట్ వద్దు." నితీశ్ చెంప వైపు వేలు చూపించాడు. "ఈ చెంపదెబ్బ నాది. దానికేమైనా కేసు ఉండాదా?"

ఇన్‌స్పెక్టరు పెన్నుకు మూత పెట్టాడు. "ఉండాది. కానీ ఆ కంప్లైంట్ ఇతను ఇయ్యాల."

అందరం నితీశ్ వైపు చూశాం.

"వద్దు సార్. ముందు తప్పు నాదే."

ఇన్‌స్పెక్టరు ఇద్దరినీ సమానంగా తిట్టి పంపించాడు. ఆ సమానత్వానికి దాక్షాయణమ్మ చాలా సంతోషించింది.

బయటికి వచ్చేసరికి అందరికీ ఆకలి. ఎదుటి హోటల్లో ఆమె దోసెలు, కాఫీలు చెప్పింది. నితీశ్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలలేక చెంప పట్టుకున్నాడు. గోవిందప్ప చూడనట్టు ఇంకో ముక్క తిన్నాడు. ఆ తర్వాత తినలేకపోయాడు. చేయి ఎత్తి సర్వర్‌ను పిలిచాడు.

"అప్పా, ఇడ్లీ తీసుకరా. మెత్తగా ఉండాల."

"ఎవరికి సార్?"

"ఈయనకప్పా. మా జతలో వచ్చిన ఈయనకు."

దాక్షాయణమ్మ కాఫీ లోటా ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది. అందులో కాఫీ ఎప్పుడో అయిపోయింది.