బొంత మిషన్ పాడైందని చెప్పమన్నారు

2023 ఏప్రిల్. హిందూపురంలో మెయిన్ బజారు వెనక సందులో నాకు కుట్టుమిషన్లు బాగుచేసే అంగడి ఉంది. మా నాయన పెట్టిన అంగడి అది. ఆయనకు చూపు తగ్గి సూది కన్ను కనబడకుండా పోయాక నేను కూర్చున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను దాటి లోపలికి తొంగిచూసి, మెకానిక్ యాడికి పోయినాడమ్మా అని అడుగుతారు. నేనేనంటే కొందరు నమ్మరు. మిషన్ చంకలో పెట్టుకుని కాసేపు అట్లే నిలబడతారు. నిలబడనీ అని నా పని నేను చేసుకుంటాను.

మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా టైలర్ల మిషన్లు. ఈ మధ్య ఇంకో రకం మనుషులు కూడా వస్తున్నారు. కుట్టి బతకాల్సిన అవసరం లేనివాళ్ళు, ఇష్టానికి కుట్టుకునేవాళ్ళు. క్విల్టింగ్ అంటారు వాళ్ళు. పైన ముక్కలు ముక్కలుగా అతికిన గుడ్డ, మధ్యలో మెత్తటి పొర, కింద ఇంకో గుడ్డ, ఈ మూడింటినీ కలిపి కుట్టడమే క్విల్టింగ్. మన ఇళ్ళల్లో బొంత అంటాం. మా ఊళ్ళో కన్నడం మాట్లాడేవాళ్ళు కౌది అంటారు. అందరినీ నేను ఒకటే అడుగుతాను, ఇది మీకెట్లా పట్టుకుందని. ఫోన్లో చూసి నేర్చుకున్నామని మొదట చెబుతారు. కాస్త కూర్చోబెట్టి టీ ఇప్పిస్తే అసలు సంగతి బయటికి వస్తుంది. పిల్లోడి చిన్నప్పటి స్కూలు చొక్కా, చెల్లెలు కట్టి విడిచిన లంగా, ఏదో ఒక గుడ్డ ఉంటుంది. పారేయడానికి చెయ్యి రాదు, పెట్టెలో పెడితే మనసు ఒప్పదు. అక్కడే మొదలవుతుంది ఈ పిచ్చి.

పెనుకొండ లలితమ్మగారిదీ అదే కథ. ఆ ఏప్రిల్‌లో ఫోన్ చేసి, మిషన్ కుట్టు వదులుతోందంది. దీన్ని మేము స్కిప్ స్టిచ్ అంటాం. సూది దిగుతుంది కానీ దారం కింది కొక్కేనికి చిక్కదు, మధ్యమధ్యలో కుట్టు పడకుండా పోతుంది. ఎండ నెత్తి మాడుస్తుంటే బస్సు దిగి, కొండ కింది బజారులో వాళ్ళ ఇంటికి పోయాను. కింద పెద్ద బట్టల కొట్టు, మేడ మీద ఇల్లు. ఆ కొట్టులోనే జాకెట్లు కుట్టే సెక్షన్ కూడా ఉంది. అక్కడి మిషన్లకు సర్వీసు చేసేది నేనే. మేడ మీదికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

లలితమ్మగారికి యాభై ఐదు దాటి ఉంటాయి. మిషన్ ఆమె పుట్టింటిది, నల్ల ఇనుప మిషన్, ఒంటి మీద బంగారు రంగు పూలు సగం చెరిగిపోయాయి. విప్పి చూస్తే దానికేమీ జబ్బు లేదు. ఆమె జాకెట్లకు వేసే సన్న సూదితో మూడు పొరల బొంత కుడుతోంది. ఆ సూది అంత మందానికి వంగిపోతుంది, కుట్టు తప్పుతుంది. లావు సూది వేశాను. వాకింగ్ ఫుట్ అని ఒక సామాను ఉంటుంది. గుడ్డను నొక్కిపట్టే మామూలు పాదం పైగుడ్డను ముందుకు తోస్తుంది, కింది పళ్ళు అడుగు గుడ్డను వెనక్కి లాగుతాయి, పొరలు జరిగిపోతాయి. వాకింగ్ ఫుట్ పైగుడ్డను కూడా కిందిదానితో పాటే నడిపిస్తుంది. అది బిగించి ఒక వరస కుట్టించాను. కుట్టు ముత్యాల్లా పడింది. ఆమె దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో తడుముకుంది.

తర్వాత చెప్పింది. బీరువా సర్దుతుంటే వాళ్ళమ్మ నూలుచీర ఒకటి దొరికిందట. అంచులు పీలికలైపోయాయి, ఎవరికీ ఇవ్వడానికి పనికిరాదు. ఏం చేయాలా అని ఫోన్లో వెతికితే ఏ దేశంలోనో ఆడవాళ్ళు గుడ్డముక్కలు అతికి దుప్పట్లు కుడుతున్నారు. చూస్తూ చూస్తూ ఆమెకు నవ్వొచ్చిందట. పుట్టినూరు నల్లచెరువులో వాళ్ళ అవ్వ వాకిట్లో కూర్చుని కుట్టేది అదే కదా. ఆ రోజు నుంచి మధ్యాహ్నం నిద్ర మానేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎవరూ చెప్పకుండా, ఎవరికోసమూ కాకుండా నేను చేసిన పని ఇదొక్కటే పాపా అంది.

నేను పోకముందే కుట్టిన మొదటి బొంత మాత్రం ఆమెను నవ్వులపాలు చేసింది. ధర్మవరంలో కూతురికి బిడ్డ పుడితే తొట్టిలో పరవడానికి బొంత కుడతానంది. భర్త నాగభూషణంగారు, బట్టల కొట్టు వాళ్ళం పాతగుడ్డల బొంత పట్టుకుపోతే ఏం బాగుంటుందని, కొట్టులోని కొత్త కట్‌పీసులు తీసిచ్చాడు. ముందు తడిపి ఆరేస్తానంటే, ఒకసారి నీళ్ళలో ముంచితే అది కొత్తగుడ్డ ఎట్లవుతుందన్నాడు. అమ్మేవాళ్ళకు అట్లాంటి పట్టింపు ఉంటుంది. మడత విప్పని గుడ్డే గుడ్డ. బొంత ధర్మవరం పోయింది, అందరూ మెచ్చుకున్నారు. మొదటి ఉతుకులోనే ఎరుపు దిగి తెలుపంతా పాకింది, ఒక్కో ముక్క ఒక్కో రకంగా కుంచించుకుపోయి ముడతలు పడింది. వియ్యంకులు పట్టుచీరల వ్యాపారులు. గుడ్డ సంగతి వాళ్ళకొకరు చెప్పాలా? మీ కొట్టు సరుకు ఇట్లా ఉంటుందా అని నవ్వారట. వియ్యపురాలు ఇంకో మాట అంది, బొంతలు కుట్టుకునే కాలం వచ్చిందా మీకు అని.

ఈసారి అన్నీ పాతగుడ్డలే వేస్తానని లలితమ్మగారు పట్టుబట్టింది. పాతగుడ్డ కుంచించుకోవాల్సినంతా ఎప్పుడో కుంచించుకుని ఉంటుంది, ఇంక మారదు. ఆ బొంతే మళ్ళీ ధర్మవరం తీసుకుపోయి మనవరాలి కింద పరవాలి. ఆమెకు కావలసింది అంతే.

నేను సంచి సర్దుకుని దిగేసరికి నాగభూషణంగారు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మనిషి మర్యాదస్తుడు, గొంతు పెంచడు. పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు.

"ఏమ్మా, మళ్ళా పిలిస్తే ఆ మిషన్ ఇంక బాగుకాదని చెప్పేయ్. పాత మోడలు, సామాన్లు దొరకవని చెప్పు. నీ మాటైతే నమ్ముతాది. ధర్మవరంలో నా తల తీసేసినట్ల ఉండాది."

నాకు ఒళ్ళు మండింది. డాక్టరు దగ్గరికి పోయి, బాగున్న మనిషికి రోగముందని చెప్పమని ఎవరైనా అడుగుతారా?

"అన్నా, మిషన్ చెడిపోతే చెడిపోయిందంటా, బాగుంటే బాగుందంటా. ఆయమ్మ కుట్టేది నీకు ఇష్టం లేకపోతే ఆ మాట నువ్వే చెప్పుకో. నా నోటితో చెప్పించద్దు" అన్నాను.

ఆయన కొట్టులోకి వెళ్ళిపోయాడు. మరుసటి వారం జాకెట్ల సెక్షన్ మిషన్లకు ఇంకో మెకానిక్ వస్తున్నాడని తెలిసింది. ఆ పని పోవడం నాకు దెబ్బే. అయినా మా నాయన, పోతే పోనీలే పాపా అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

మే నెల నడిమికి మళ్ళీ ఫోన్ వచ్చింది. మిషన్ అసలు నడవడం లేదంది లలితమ్మగారు. పోయి కింది పలక జరిపి చూశాను. బాబిన్ కేసు లేదు. కింది దారం చుట్టిన బాబిన్‌ను పట్టి ఉంచే చిన్న ఇనుప గూడు అది, బొటనవేలంత ఉంటుంది. అది లేకుండా ఏ మిషనూ ఒక్క కుట్టు వేయదు. దానంతట అది ఊడి పడేది కాదు, చేత్తో లాగితేనే వస్తుంది. నాగభూషణంగారు గుమ్మంలో నిలబడి, పాత మిషన్ కదా, ఇప్పుడవి దొరకవు కదా అన్నాడు. ఆ మాట అంటూ నా మొహం చూడలేదు.

మిషన్లలో అంతకంటే సులువుగా దొరికే సామాను ఇంకోటి లేదు. నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తీసి బిగించబోయాను. లలితమ్మగారు నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు పాపా, అది నీ సంచిలోనే పెట్టుకో. మా బాబిన్ కేసు యాడుండాదో నాకు తెలుసు. ఆయన చొక్కా ఉతికేటప్పుడు జేబులో దొరికింది. నేను తీసుకోలే. ఆరేసి, ఇస్త్రీ చేసి, మళ్ళా అదే జేబులో పెట్టినా. ఆయనే తెచ్చి పెడతాడేమోనని ఇన్ని దినాలు చూస్తాండా. నీ ముందరైనా తీస్తాడేమోనని నిన్ను పిలిపించినా." తర్వాత భర్త వైపు తిరిగింది. "మిషన్ లేకపోతే మానుకుంటా అనుకుంటిరా? మా అవ్వకు మిషన్ యాడిది?"

నేను సంచి మూసుకుని దిగి వచ్చేశాను. భార్యాభర్తల మధ్య మెకానిక్‌కు పనిలేదు. కానీ బస్సులో కూర్చున్నాక నవ్వాగలేదు, పక్కనామె ఎగాదిగా చూసింది.

జూన్‌లో వేరే పని మీద పెనుకొండ పోయినప్పుడు ఆ కొట్టులోకి తొంగిచూశాను. చీరలు పరిచి చూపించే తెల్లపరుపు మీద లలితమ్మగారు కాళ్ళు చాపుకుని కూర్చుని చేత్తో బొంత కుడుతోంది. మేడ మీద కాదు, కొట్టులో, వచ్చేపోయేవాళ్ళ కళ్ళెదుట. చుట్టూ చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు చేరి ఉన్నారు. రామగిరి వైపు నుంచి వచ్చిన ముసలామె ఒకామె, అట్ల కాదమ్మా, అంచు నుంచి చుట్టూ తిరుగుతా నడిమికి రావల్ల అని సూది లాక్కుని చూపిస్తోంది. ఇంకొకామె, మా ఇంట్లోనూ పాత చీరలుండాయి, నాకూ చూపిస్తావా అని అడుగుతోంది. గిరాకీల ముందు భార్యను లేవమనలేక నాగభూషణంగారు గల్లాపెట్టె దగ్గర మొహం అటు తిప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. ఆయన మీద నాకు మొదటిసారి జాలి వేసింది.

పదిహేను రోజులు పోయాక ఫోన్ ఆయనే చేశాడు. మిషన్లో సూది విరిగిందన్నాడు. పోయి చూస్తే బాబిన్ కేసు లోపలే ఉంది, కానీ సరిగ్గా కూర్చోలేదు. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. అది తెలియక ఆయనే పెట్టి, ఆయనే తిప్పి, సూది విరగ్గొట్టాడు. ఎదురుగానే పీట మీద కూర్చుని నేను బిగించేదంతా చూశాడు. ఎట్లా పెట్టాలో ఇంకోసారి చూపించమన్నాడు. చూపించాను.

బొంతను మాత్రం లలితమ్మగారు చేత్తోనే ముగించింది. ధర్మవరం తీసుకుపోతే వియ్యపురాలు అంచు పట్టుకుని, ఇవి ఎవరి పాతగుడ్డలని అడిగిందట. ఆ జవాబు లలితమ్మగారు నాకు ఫోన్లో చెప్పింది, ఒక్కో మాటా రుచి చూసుకుంటూ.

"మావే వదినా అని చెప్పినా. పైన మా అమ్మ చీర, కింద నా చీర, నడిమిన ఆయన పాత పంచెలు, అడక్కుండా తీసుకున్నా. ఉతికి ఉతికి పోవాల్సిన రంగంతా ఎప్పుడో పోయిండాది. ఇంక పోయేదేం లేదు, పరవండి అన్నా."

పరిచారు. బిడ్డ నిద్రపోయింది.

జాకెట్ల సెక్షన్ పని నాకు తిరిగి రాలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాత కూడా నా అంగడికి వచ్చి గుసగుసగా అడిగేవాళ్ళు ఉన్నారు. కొడుకులు అడుగుతారు, భర్తలు అడుగుతారు, ఒకసారి కోడలు కూడా అడిగింది. ఈ వయసులో ఈమెకెందుకమ్మా ఈ కుట్టుపని, బాగుకాదని చెప్పేయమంటారు. ఒకప్పుడైతే పోట్లాడేదాన్ని. లలితమ్మగారిని చూశాక పోట్లాడాల్సింది నేను కాదని తెలిసింది. మిషన్ బల్ల మీద పెట్టి, మూత విప్పకుండా, చేతులు తుడుచుకుని కూర్చుంటాను. మిషన్ ఎవరిదో ఆమెను పిలుచుకురండి, మీరు ఇప్పుడన్న మాట ఆమె ముందర అనండి, అప్పుడు విప్పుతానంటాను. ఆ మాట ఆమె ముందర అనడానికి ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు.