పెళ్లికొడుకు దిగిపోయిన కారు

నాకున్నవి యాభై దాటిన వయసు, బట్టతల, టాపు లేని ఒక పాత స్పోర్ట్స్ కారు. దాన్ని బాగుచేసేటప్పుడు, సస్పెన్షన్‌లో కుదుపులు ఓర్చుకునే బుష్‌లు మార్చాల్సి వచ్చింది. రబ్బరువి చాలని అందరూ అన్నారు. నేను వింటేగా. రేసు కార్లకు వాడే గట్టి పాలీయురేథేన్ బుష్‌లు తెప్పించి, ఎర్రగా మెరిసే వీటికి జిడ్డెందుకని గ్రీజు పూయకుండా నేనే బిగించాను.

ఆ వారమే మా బావమరిది పెళ్లి. ఊరేగింపుకు నా కారే ఉండాలని పట్టుబట్టి, మల్లెదండలు కట్టించి, పెళ్లికొడుకును పక్కన కూర్చోబెట్టుకుని పంజాగుట్టలో బయలుదేరాను. మొదటి గుంతలోనే కారు కిర్రుమంది. అమీర్‌పేట చేరేసరికి, మేం కాస్త కదిలినా తుప్పు పట్టిన గేటులా అరుస్తోంది.

ముందు నడుస్తున్న బ్యాండ్ మాస్టర్ వెనక్కి తిరిగి, "అన్నా, జర బండి ఆపుండ్రి. మా బ్యాండు మాకే ఇనబడ్తలేదు," అన్నాడు. జనం నవ్వారు. పెళ్లికొడుకు కిందికి దిగి, "బావా, నేను నడుస్త. నువ్వు జర దూరంగ రా," అన్నాడు.

పూలదండల కారులో నేనొక్కణ్నే మిగిలాను. పక్కన స్కూటర్ ఆపినాయన నన్నూ దండలనూ చూసి, "ఫికర్ చెయ్యకన్నా. లేటైనా చేసుకుంటున్నవు, మంచిదే," అన్నాడు. కారు వెంట నడుస్తున్న నా భార్య ఆ మాట విన్నది.

గట్టిదే గొప్పదనుకునే రోగం నాకు ఆ రోజుతో వదిలింది. రబ్బరు బుష్‌లు వేయించాక కారు కిక్కురుమనడం లేదు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ, "కొత్త పెళ్లికొడుకా, చాయ్ తాగుతవా?" అనే అడుగుతోంది.