మూల తెగిన గాజు ముక్క

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం తెనాలిలో చర్చికి బయలుదేరుతుంటే పెనుమూడి నుంచి ఫోనొచ్చింది. "మీ బాబాయి తెల్లారేసరికి పోయాడమ్మా" అంది పిన్ని. ఆయన నాకు చుట్టం కాదు. బాపట్లలో నేను పీహెచ్‌డీ చేసిన కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్. అక్కడ చదివినవాళ్ళందరికీ ఆయన బాబాయే, ఆయన భార్య పిన్నే. రేపల్లె బండెక్కి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళి, పిడికెడు మట్టి వేసి వచ్చాను.

ఏడుపు ఆ రోజుతో అయిపోయింది. కోపం వారం తర్వాత, కాలేజీలో పెట్టిన సంతాప సభలో మొదలైంది. ఇంకా తగ్గలేదు. ఒకప్పుడు నాకు గైడుగా ఉన్న సార్ మైకు పట్టుకుని "చాలా మంచి మనిషండి. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా టీ చల్లారనివ్వలేదు" అన్నారు. ముందు వరసలో వాళ్ళు తలలూపారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక మనిషి బతుకంతా చేసిన పనిలో వీళ్ళకు కనిపించింది టీ ఫ్లాస్కా? తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. నేనూ తల దించుకుని నిలబడ్డాను. మౌనం నాకు కొత్త కాదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ల్యాబ్‌లో చేసేది ఒక పల్చటి నల్లని పొర. గాజు ముక్క మీద, వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. దాని ఒక అంచు వేడిగా, రెండో అంచు చల్లగా ఉంటే కాస్త కరెంటు పుడుతుంది. వృథాగా పోయే వేడిని ఇలా కరెంటుగా మార్చుకోవచ్చని మా ఆశ. అయితే పొర నిలవాలంటే ముందు గాజు శుభ్రంగా ఉండాలి. ఉప్పుగాలి వీచే బాపట్లలో అదేమంత తేలిక కాదు. బాబాయి గాజును కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కడిగి, చివరికి దాని మీద నోటితో ఆవిరి ఊదేవాడు. ఆవిరి అంతటా ఒక్క తీరున ఆరిపోతే సరే. ఎక్కడైనా మచ్చలా నిలిచిందా, మళ్ళీ మొదటికే. "గాజుకి తొందర లేదమ్మా, ఉన్నదంతా మనకే" అనేవాడు. నేను కడిగిన గాజుల మీద పొరలు పొట్టులా రాలిపోయేవి. ఆయన కడిగిన వాటి మీద గోరుతో గీకినా కదిలేవి కావు. నా థీసిస్‌లోని ప్రతి పొర కిందా ఆయన కడిగిన గాజే ఉంది. కృతజ్ఞతల పేజీలో ఆయన పేరు మాత్రం లేదు. సార్ కొట్టేయమన్నారు, నేను కొట్టేశాను.

ఆ పొరను మెరుగుపరచడానికి ఒక దారి ఉంది. పెద్ద యంత్రంలో అయాన్లను మహా వేగంగా పరిగెత్తించి పొర మీద కొట్టిస్తారు. లోపల అణువుల వరస అక్కడక్కడా చెదురుతుంది. సరిపడా చెదిరితే వేడి సులువుగా పారదు, రెండు అంచుల మధ్య తేడా నిలిచి కరెంటు పెరుగుతుంది. మరీ చెదిరితే పొరే చెడుతుంది. ఇదంతా నేను బోర్డు మీద బొమ్మలేసి అరగంట చెప్తే బాబాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "దుగ్గిరాలలో పసుపు ఉడకబెట్టినట్టేనన్నమాట. తక్కువైతే పచ్చి, ఎక్కువైతే రంగు పోద్ది." ఇప్పుడు నా క్లాసులో నేనూ అలాగే చెప్తున్నాను.

యంత్రం ఎక్కడో ఉత్తరాదిన ఉంది. రెండేళ్ళు అడగ్గా అడగ్గా మాకు ఒక పూట వంతు దొరికింది. ఒకే పొరను రెండు ముక్కలు చేశాం. ఒకటి యంత్రానికి వెళ్తుంది. రెండోది పోల్చి చూడటానికి ల్యాబ్‌లోనే ఉంటుంది. వెళ్ళే ముక్కకు బాబాయి వజ్రపు మొన ఉన్న కలంతో గీత గీసి ఒక మూల తెంపాడు. పెట్టెల మీద పేర్లు రాశాను కదా, ఇదెందుకన్నాను. బాబాయి వాళ్ళ నాన్న పెనుమూడి చుట్టుపక్కల పొలాల్లో బాతుల మంద మేపేవాడట. రెండు మందలు కలిసిపోతే, కాలి వేళ్ళ మధ్య తోలు మీద పెట్టిన గాటు చూసి తన బాతుల్ని విడదీసుకునేవాడట. "రాత చెరిగిపోద్ది, పెట్టెలు మారిపోతాయి. గాటు పోదమ్మా" అన్నాడు. తెంపిన తునకను తన నోటు పుస్తకంలో టేపుతో అంటించి, 'మూల తెగింది వెళ్ళింది' అని తేదీ వేసి రాసుకున్నాడు. నేను నవ్వాను.

ముక్క తిరిగొచ్చింది. కొలిచాను. 'వెళ్ళొచ్చినది' అని రాసి ఉన్న పెట్టెలోని ముక్క రెండోదానికన్నా బాగా ఎక్కువ కరెంటు ఇచ్చింది. సార్ ల్యాబంతా స్వీట్లు పంచారు. పేపరు రాయడం కూడా అయిపోయింది. అప్పుడొక మధ్యాహ్నం బల్ల తుడుస్తున్న బాబాయి ఆ ముక్కను కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు.

"అమ్మాయ్, వెళ్ళొచ్చింది ఇదేనన్నావు కదా?"

"అవును బాబాయ్."

"మరి దీనికి నాలుగు మూలలూ ఉన్నాయేంటి?"

రెండో పెట్టె తెరిచాను, మూల తెగిన ముక్క అందులో ఉంది. ముక్క వచ్చిన రోజు ఎవరో అతిథులొస్తే రెండూ బయటికి తీసి చూపించాను. కబుర్లలో పడి, తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేశాను. అంటే ఎక్కువ కరెంటు ఇచ్చింది అసలు యంత్రం ముఖమే చూడని ముక్క. వెళ్ళొచ్చినదానికి దెబ్బ ఎక్కువై పొర చెడింది. నిజమైన ఫలితం అదే. ఆ మాట చెప్పినా నలుగురికీ పనికొచ్చేది, ఇంకొకరు అంత గట్టిగా కొట్టకుండా జాగ్రత్తపడేవారు.

ఇద్దరం సార్ దగ్గరికి వెళ్ళాం. "అటెండర్ పెట్టిన గాటు చూసి పేపరు ఆపాలా? ఆ మూల ఎక్కడో తగిలి విరిగుంటుంది" అన్నారు.

"లేదు సార్, తెంపింది నేనేనండి. తునక నా పుస్తకంలోనే ఉంది, తెస్తానుండండి."

"నువ్వెళ్ళి గాజులు కడుక్కో."

బాబాయి నా వైపు చూశాడు. తారుమారు చేసింది నేనేనని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను నేల చూపులు చూశాను. పేపరు అచ్చయింది, నాకు డిగ్రీ వచ్చింది, తెనాలిలో ఉద్యోగం వచ్చింది. బాబాయిని మాత్రం నెల తిరక్కుండా ల్యాబ్ నుంచి సైకిల్ స్టాండుకు మార్చారు. గాజు మీద ఆవిరి మచ్చ పట్టుకోగల మనిషి సైకిళ్ళకు చీటీలు ఇస్తూ, ఎండలో కూర్చుని, అక్కడే రిటైరయ్యాడు. ఆయన స్థానంలో వచ్చినవాళ్ళు కడిగిన గాజుల మీద పొరలు నిలవలేదని విన్నాను. మంచి పనే అయింది.

ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా ఆయన అడిగింది ఒక్కటే. "చెప్పావా అమ్మా?" నిష్ఠూరం ఉండేది కాదు, అన్నం తిన్నావా అన్నట్టే అడిగేవాడు. "టైం చూసి చెప్తాను బాబాయ్" అనేదాన్ని. పదకొండేళ్ళు టైం చూశాను! సార్ మీద పళ్ళు నూరుతున్నాను గానీ, ఆయనకు ఆ ధైర్యం ఇచ్చింది మూసుకున్న నా నోరు కాదూ?

సంతాప సభ నుంచి తిన్నగా పెనుమూడి వెళ్ళాను. పిన్ని ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ల్యాబ్ ఖాళీ చేసినప్పుడు చెత్తలో పారేస్తుంటే ఏరుకొచ్చాడమ్మా. నువ్వు అడుగుతావని దాచాడు." లోపల దూదిలో చుట్టిన రెండు గాజు ముక్కలు, నోటు పుస్తకం, ఆ పేజీలో టేపు కింద తునక. తెలిసినవాళ్ళ ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద తునకనూ, మూల తెగిన ముక్కనూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే పొర, ఒకే డబ్బాలో పాతబడ్డాయి. యంత్రానికి వెళ్ళకముందే తెంపిన తునక మీద పొర నున్నగా ఉంది. ముక్క మీద అంతా గుంటలే. యంత్రానికి వెళ్ళింది ఏదో ఇక అనుమానం లేదు.

పేపరు వెనక్కి తీసుకోవాలని, తప్పు నాదని, దాన్ని పట్టుకున్నది ఎవరో పేరు పెట్టి, పత్రికకు రాశాను. సార్‌కు కాపీ పంపాను. మర్నాడే ఫోను.

"పోయినవాడి కోసం బతికున్నవాళ్ళ పరువు తీస్తావా అమ్మా? నీ డిగ్రీ కూడా అందులోనే ఉంది, మర్చిపోకు."

"మర్చిపోలేదండి. అందుకేగా ఇన్నేళ్ళు పట్టింది" అన్నాను.

డిగ్రీ ఉంటుందో పోతుందో తెలియదు. నిన్న ఆ ఉత్తరం పట్టుకుని పెనుమూడి వెళ్ళి చదివి వినిపించబోతే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. "నాకెందుకమ్మా? అడిగిన మనిషికి చెప్పు." ఇద్దరం సమాధి దగ్గరికి వెళ్ళాం. మట్టి ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. ఊరి పక్క ఏటి మీంచి గాలి వస్తోంది.

"చెప్పాను బాబాయ్" అన్నాను.

పిన్ని డబ్బా తెరిచి ముక్కను అరచేతిలో పెట్టుకుంది. తునకను తీసి తెగిన మూలకు ఆనించింది. అది సరిగ్గా కుదిరింది. గాలికి ఎగిరిపోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి, చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.