మా పత్తి చేనులో విమానం

నా పీహెచ్‌డీ అంతా ఒకటే గోల: రెక్క విరిగిన విమానాన్ని కూలిపోకుండా దింపడం. ఎక్కడ దెబ్బ తగిలిందో దానికి ఎవరూ చెప్పరు. ఎటు పోవాలి, ఎటు పోతోంది అన్న తేడాను క్షణక్షణం చూసుకుంటూ, అందులోని న్యూరల్ నెట్‌వర్క్ తనంతట తానే కొత్తగా ఎగరడం నేర్చుకోవాలి. కంప్యూటర్‌లో బాగానే నేర్చుకునేది. గాలిలోకి పంపితే మాత్రం రెండు చిన్న విమానాలు ముక్కలయ్యాయి. ఇక మిగిలింది ఒక్కటి. అదీ పోతే నా చదువు అక్కడితో ఆగినట్టే.

ఎగరేయడానికి జాగా కావాలంటే మర్రిగూడలో మా చేను ఉందన్నాను. మా బాపు పత్తికట్టె పీకేసి నేల చదును చేయించాడు. మా గైడ్ సార్, నేను పొద్దున్నే దిగాం. ఫ్లోరైడ్ నీళ్లకు బిగుసుకుపోయిన మోకాళ్లతో అమ్మ కూడా చేను దాకా వచ్చింది.

"గింత సక్కగున్నదాన్ని పట్టుకొని రెక్క ఇరగ్గొడ్తవా? నీకు చేతులెట్లొస్తయే?" అని ఒకటే సణుగుడు.

పైకి పోయాక నేను మీట నొక్కితే కుడి రెక్క కొస ఊడిపడాలి. కానీ విమానం నేల వదిలిందో లేదో, నేనింకా మీట ముట్టుకోనేలేదు, ఎడమకు ఒరిగిపోయింది! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అయిపోయింది సార్" అన్నాను.

"ఉండమ్మా, దాన్ని చూసుకోనీ" అన్నారాయన.

అది ఊగింది, మళ్లీ ఒరిగింది, తమాయించుకుంది. ఆ తర్వాత బుద్ధిగా ఓ చుట్టు తిరిగొచ్చి మా ముందే దిగింది. పరుగెత్తి చూద్దును కదా, ఎడమ రెక్క కొస కింద నల్లదారంతో నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు!

"అమ్మా! నువ్వేనా?"

"దిష్టి తగిలే కదనే రెండు పాయె! నువ్వు తిడ్తవని కనవడకుండ కట్టిన. గింత నిమ్మకాయకే ఒరుగుతదని నాకేమెరుక బిడ్డా?"

నాకు ఒళ్లు మండిపోయింది. సార్ మాత్రం పగలబడి నవ్వారు.

"ఇన్నాళ్లూ దెబ్బ మనమే కొట్టి, తట్టుకుంటే మనమే మురిసిపోదామనుకున్నాం. ఇవాళ ఏం జరిగిందో దానికీ తెలియదు, నీకూ తెలియదు. అయినా దిగింది చూడు!"

అప్పుడు గానీ నా కోపం దిగలేదు. ఆ మధ్యాహ్నం రెక్క కొస ఊడగొట్టినా విమానం నిలబడింది.

చివరి మౌఖిక పరీక్షకు అమ్మను కూడా తీసుకెళ్లాను. మీరు అనుకుని చేసిన నష్టం సరే, అనుకోని నష్టాన్ని ఇది ఎప్పుడైనా తట్టుకుందా అని అడిగారు పరీక్షకులు. తట్టుకుందన్నాను.

"ఎవరు చేశారు ఆ నష్టం?"

"మా అమ్మ" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వుతూనే వెనక వరుసలో ఉన్న ఆమెను చూపించబోయాను. ఏడుపొచ్చేసింది.